నాయనమ్మ లేవలేని కుర్చీ

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. వేరే రాష్ట్రంలో ఇండస్ట్రియల్ డిజైన్ చివరి సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీ ప్రాజెక్టు కోసం ఒక భోజనాల బల్ల, ఒక చేతుల కుర్చీ, మూడు నులక పీటలు, ఒక దీపపు స్టాండు నా చేతులతోనే చేశాను. కిందటి ఆగస్టులో మా పొలం గట్టున కూలిన పాత వేపచెట్టును అక్టోబరులో కోయించి, రెండంగుళాల మందం, 30 అంగుళాల వెడల్పు ఉన్న ఒకే చెక్కను బల్లకు వాడాను. సంక్రాంతికి పూర్తయిన ఆ బల్ల ఏప్రిల్ చివరికి పొడవునా పగిలింది. కుర్చీ అందరికీ నచ్చింది. మా నాయనమ్మ మాత్రం అందులో కూర్చుని మళ్లీ లేవలేకపోయింది, ఆమెకు ఫ్లోరోసిస్ ఉంది. చేత్తో చేసినది ఇండస్ట్రియల్ డిజైన్ కిందికి రాదని మా గైడు అంటున్నారు. ఒక పీటకు కట్టె 1,400, నులక 300 రూపాయలు పడి ఆరు రోజులు పట్టింది, కొనేవాళ్లు 3,000 దాటడం లేదు. ఇవన్నీ ఎందుకు, మాడ్యులర్ కిచెన్ల పని పెట్టుకొమ్మని బాపు అంటున్నాడు. జూన్ చివర జ్యూరీ ఉంది. పగులును లప్పంతో మూసెయ్యవచ్చా? వేపకు ఏ నూనె పెట్టాలి?

సమాధానం: మీరు పంపిన నాలుగు ఫొటోలలో బల్లను కింది నుంచి తీసినది ఒకటి ఉంది. బల్ల ఎందుకు పగిలిందో ఆ ఒక్క ఫొటోయే చెబుతోంది. యాంగిల్ ఇనుముతో వెల్డింగ్ చేయించిన చట్రానికి చెక్కను రెండు పక్కలా నాలుగేసి చొప్పున ఎనిమిది స్క్రూలతో బిగించారు. ఇనుప చట్రం వెడల్పు జనవరిలోనూ ఏప్రిల్‌లోనూ దాదాపు ఒకటే. కట్టె మాత్రం ఆ మూడు నెలల్లో అడ్డంగా కుంచించుకుపోవాలని చూసింది, స్క్రూలు దాన్ని కదలనివ్వలేదు, ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ విడిపోయింది.

కొట్టిన చెట్టులో నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల లోపలి ఖాళీల్లో నిలిచిన నీరు ముందుగా పోతుంది, అది పోయినంత మాత్రాన చెక్క కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగిన తరవాత కణాల గోడల్లో ఇంకిన నీరు పోవడం మొదలవుతుంది, అప్పటి నుంచీ చెక్క సన్నబడుతూ వస్తుంది. పొడవులో ఈ మార్పు లెక్కలోకి రానంత తక్కువ. నడిబొడ్డు నుంచి బెరడు వైపు కొంత ఉంటుంది, వలయాల చుట్టూ దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. మన వైపు వానాకాలంలో ఇంట్లోని కట్టె పదమూడు, పద్నాలుగు శాతం తేమ దగ్గర నిలబడితే, మే నెల వడగాలులకు అది ఏడెనిమిది శాతానికి పడిపోతుంది. ఇది బాగా ఆరిన కట్టె సంగతి. గాలికి ఆరబెట్టే కట్టెకు అంగుళం మందానికి ఒక ఏడాది అని పనివాళ్ల లెక్క, ఆ లెక్కన మీ రెండంగుళాల చెక్కకు రెండేళ్లు పట్టాలి. మీరు మూడు నెలలు ఇచ్చారు. పైపొర ఆరి చేతికి పొడిగా తగిలినా, సంక్రాంతి నాటికి లోపల ఇరవై శాతం తేమ ఉండి ఉంటుందని నా అంచనా. అక్కడి నుంచి ఏప్రిల్‌కు పది శాతం పోయిందనుకుంటే, 30 అంగుళాల వెడల్పులో తక్కువలో తక్కువ ఒక సెంటీమీటరు తగ్గాలి. మీరు పగులులో పెన్సిలు నిలబెట్టి తీసిన ఫొటో ఈ లెక్కకు దగ్గరగానే ఉంది.

రెండో కారణం చెక్క కొసన కనిపిస్తోంది. వలయాల నడిబొడ్డు సరిగ్గా చెక్క మధ్యలో ఉంది. కోతమిల్లులో వెడల్పయిన చెక్క రావాలని మానును నడిమికి కోయించి ఉంటారు. చుట్టూ ఉన్న కట్టె ఒక కొలతలో కుంచించుకుంటూ, నడిబొడ్డు ఇంకో కొలతలో కుంచించుకుంటూ ఉంటే ఆ గీత వెంట పగలక తప్పదు, స్క్రూలు లేకపోయినా సన్ననిదో లావుదో ఒక పగులు వచ్చేదే. మీ ఊళ్లో పాత వడ్ల మేస్త్రి ఎవరైనా ఉండి, ఆ చెక్కను మీరు ఆయనకు ముందే చూపించి ఉంటే, నడిబొడ్డును రెండంగుళాల మేర కోసి పొయ్యిలోకి పంపమనేవారు.

ఆ మేస్త్రి దగ్గరికి ఇప్పుడైనా వెళ్లండి. వెళ్లినప్పుడు డిజైన్ గురించి అడగవద్దు, ఎడ్లబండి గిర్ర ఎలా కట్టేవారో అడగండి. నల్లతుమ్మ కట్టెను ఎన్నాళ్లు ఆరబెట్టేవారో, గిర్ర ఆకులకు, అంటే నడుమ ఉండే పుల్లలకు ఎటువంటి కట్టె ఏరుకునేవారో, ఇనుప పట్టాను గిర్ర కంటే ఎంత చిన్నదిగా చేయించేవారో అడగండి. పిడకల మంటలో పట్టా ఎర్రబడి సాగినప్పుడు దాన్ని పట్టకార్లతో ఎత్తి గిర్రకు తొడిగి నీళ్లు పోసేవారు. చల్లారుతూ అది బిగుసుకుంటుంటే ఆకులన్నీ తమ బెజ్జాల్లోకి కిర్రుమంటూ దిగడం నేను చిన్నప్పుడు చూశాను. అంత బిగించిన గిర్ర కూడా ఎండాకాలం వచ్చేసరికి వదులై గడగడలాడేది, అప్పుడు రైతు బండిని కుంటలోకి తోలి గిర్రలు నానేదాకా నిలిపేవాడు. వదులైన గొడ్డలి పిడిని రాత్రంతా నీళ్ల తొట్టిలో వేసి ఉంచడమూ ఇదే. మీ పాఠ్యపుస్తకంలో తేమ పటం ఉన్న పేజీని మీ నాన్నగారి తరం కళ్లతో చూసింది. ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చాయి, దర్వాజలు కూడా రెడీమేడుగా దొరుకుతున్నాయి, ఆ పని అడిగేవారు లేక ఆ మాట చెప్పేవారూ తగ్గిపోయారు.

మీరు చేసిన తప్పు నేనూ చేశాను కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను. పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో ఒక ఆఫీసు వారికి ఎనిమిదడుగుల సమావేశపు బల్ల చేసిచ్చాను. ఏసీ గదిలో పెట్టారు. మూడో నెలలో ఒక మధ్యాహ్నం తుపాకీ పేలినట్టు చప్పుడైందని ఫోన్ చేశారు, వెళ్లి చూస్తే ఒక అంచు నుంచి మూడడుగుల మేర పగులు పరుచుకుని ఉంది. లప్పం పెట్టి రంగు కలిపి మూసేసి వచ్చాను. వానలకు చెక్క ఉబ్బి ఆ లప్పాన్ని గట్టు కట్టినట్టు పైకి తోసింది, రాసే కాగితం కింద అది తగిలేది. మిగిలిన డబ్బు వారు ఇవ్వలేదు, ఇవ్వకపోవడం న్యాయమే.

కాబట్టి లప్పం వద్దు. ఎనిమిది స్క్రూలనూ తీసేసి, బల్ల పైభాగాన్ని నీడలో, కింద మూడు పట్టీలు పెట్టి, గాలి రెండు వైపులా తగిలేలా పరచండి. కొసలకు మైనమో పాత పెయింటో పూయండి, ఎందుకంటే నీరు కొసల నుంచే తొందరగా పోతుంది, కొత్త పగుళ్లు అక్కడే మొదలవుతాయి. అదే చెట్టు కట్టె ముక్క ఒకటి మిగిలి ఉంటే చిన్న పలకగా కోసి కాలేజీ లాబ్‌లోని ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి తూయండి. 100 గ్రాముల పలక 89 గ్రాములయితే పోయిన 11 గ్రాములను 89తో భాగించాలి, తేమ 12 శాతం పైచిలుకు అని తేలుతుంది. ఆ కాగితం జ్యూరీ ముందు పెట్టడానికి కూడా పనికివస్తుంది.

పగులును అలాగే ఉంచి, దాని మీద అడ్డంగా డమరుకం ఆకారపు చెక్క బిళ్లలు మూడు దించండి. నల్లతుమ్మ చేవతో చేస్తే బాగుంటుంది. బిళ్ల పోగు పగులుకు అడ్డంగా పోవాలి, పగులు వెంట పోతే బిళ్ల నడుము దగ్గరే విరుగుతుంది. లోతు చెక్క మందంలో మూడో వంతు నుంచి సగం దాకా చాలు. ఇప్పుడు ఈ బిళ్లలు ఫ్యాషన్ అయిపోయి పగలని బల్లలకు కూడా అతికిస్తున్నారు, అది నాకు నచ్చదు. మీ బల్లకు వాటి అవసరం నిజంగానే ఉంది. తరవాత చట్రంలోని రంధ్రాలను వెడల్పు దిశగా అంగుళంలో మూడో వంతు పొడవున సాగదీయించి, పెద్ద వాషర్లు వేసి స్క్రూలను మరీ బిగించకుండా పెట్టండి. ఆ రంధ్రంలో స్క్రూ చెక్కతో పాటు జరుగుతుంది, బల్ల కాలాన్ని బట్టి ఒక అరసెంటీమీటరు అటూ ఇటూ పోతుంది, పోనివ్వండి.

ఈ బిళ్లలను ప్రపంచానికి పరిచయం చేసినవారిలో ముందు వరుసలో ఉన్న జార్జ్ నకషిమా కథ మీకు ఉపయోగపడుతుంది. ఆయన అమెరికాలో పుట్టిన జపాన్ సంతతి వాస్తుశిల్పి, ఎం.ఐ.టి.లో చదువుకున్నవాడు. 1930ల చివర పాండిచ్చేరిలో అరవిందాశ్రమం వారి గోల్కొండ వసతిగృహ నిర్మాణానికి పనిచేశాడు. ఆ భవనం పేరులో మన గోల్కొండ ఉండటానికి కారణం హైదరాబాదు సంస్థానం నుంచి వచ్చిన విరాళం. తరవాత రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం పడమటి తీరంలోని జపాన్ సంతతి వారితో పాటు ఆయననూ నిర్బంధ శిబిరంలో పెట్టింది. అంత డిగ్రీ చేతిలో ఉన్నవాడు కట్టె అతుకుల లోతులు నేర్చుకున్నది ఆ శిబిరంలోనే, సంప్రదాయ పనిలో ఆరితేరిన ఒక వడ్రంగి పక్కన కూర్చుని. 1964లో ఆయన అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు వచ్చి అక్కడ కూడా కుర్చీలు, బల్లలు రూపొందించాడు.

ఇక మీ గైడు మాట. ఆయన మాటలో సగం న్యాయం ఉంది, ఆ సగాన్ని ముందు ఒప్పుకోండి. మీ మూడు పీటల ఫొటో చూశాను. మూడింటి కాళ్లూ మూడు వాలుల్లో ఉన్నాయి, ఒకదాని అడ్డపట్టీ మిగతావాటి కంటే రెండు వేళ్లు కిందికి ఉంది. అది చేతిపని సొగసు అనుకుంటే పొరపాటు, మీరు ప్రతిసారీ కొలతను కొత్తగా వెతుక్కున్నారు, అంతే. ఒకరు ఒకసారి తేల్చిన కొలత మరొకరి చేతిలోనూ అదే వస్తువుగా రావాలన్నది ఈ చదువు అడిగే పరీక్ష. దానికి యంత్రమే ఉండాలన్న నిబంధన లేదు. చండీగఢ్ కోసం స్విస్ వాస్తుశిల్పి పియర్ జానెరె రూపొందించిన టేకు, బెత్తం కుర్చీలు 1950లలో, 60లలో అక్కడి చిన్న చిన్న వర్క్‌షాపుల్లో వేల సంఖ్యలో చేత్తోనే తయారయ్యాయి. ఏ రెండు కుర్చీలూ అచ్చుగుద్దినట్టు ఉండవు, అయినా దూరం నుంచి చూసి కాళ్ల వాలును బట్టి ఇది ఫలానా కుర్చీ అని చెప్పేయవచ్చు. (కాలం గడిచాక ఆఫీసులు వాటిని తుక్కు కింద అమ్మేశాయి, ఇప్పుడు విదేశీ వేలంపాటల్లో ఒక్కో కుర్చీ లక్షల్లో పలుకుతోంది. అది వేరే కథ.) 1958లో భారత ప్రభుత్వం పిలిపించగా వచ్చిన అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు తమ నివేదికలో అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకున్నది చెంబును. చంకలో ఎలా ఇముడుతుంది, నిండినప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ బరువు ఎటు తూగుతుంది, నీళ్లు వంచితే ఎలా పడతాయి అని వారు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. మూడేళ్లకు ఆ నివేదిక ప్రేరణతోనే అహ్మదాబాదు సంస్థ వెలిసింది. ఆ చెంబును చేసినవాడు కంచరి, అతని దగ్గర ఉన్నది సుత్తి, దాగలి.

అంత దూరం వెళ్లనక్కరలేదు, మీ జిల్లా పేరు మోసే వస్తువే ఒకటి ఉంది. ఫ్లోరైడు నీటిని పటికతో, సున్నంతో శుద్ధి చేసే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించారు, అది నల్లగొండ టెక్నిక్ అనే పేరుతోనే ఇతర దేశాలకూ వెళ్లింది. దాని ఇంటి వాడకం రూపం ఒక బకెట్టు. పటిక, సున్నం వేసి కలిపి గంటసేపు కదల్చకుండా ఉంచితే ఫ్లోరైడును పట్టుకున్న మడ్డి అడుగుకు చేరుతుంది. ఆ బకెట్టుకు కుళాయి అడుగునే పెడితే మడ్డి కూడా వచ్చేస్తుంది, బాగా పైన పెడితే సగం నీళ్లు లోపలే ఉండిపోతాయి. అందుకని అడుగు నుంచి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున పెడతారు. ప్లాస్టిక్ బకెట్టుకు ఆ ఎత్తున ఒక రంధ్రం వేయడానికి కార్ఖానా అక్కరలేదు, కానీ ఎత్తు మాత్రం తేలి ఉండాలి. మీ గైడు గారికి ఈ బకెట్టు బొమ్మ వేసి చూపించండి, వాదన సగం తగ్గుతుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు ఒక వాక్యంతో దాటేసిన విషయానికి వస్తాను. నా దృష్టిలో మీ ప్రాజెక్టు అంతా అక్కడ ఉంది. మీ నాయనమ్మ కూర్చుని లేవలేకపోయిన కుర్చీ మిగతా అందరికీ నచ్చిందంటున్నారు. ఆ అందరూ కుర్చీని కళ్లతో చూశారు, లేదా వంగే నడుముతో, మడిచే మోకాళ్లతో కూర్చున్నారు. ఫ్లోరోసిస్ వెన్నును, మోకాళ్లను, కొందరికి మెడను కూడా బిగించేస్తుంది. మన మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం ఊళ్లలో నీళ్లు మారాయి, పెద్దవాళ్ల ఎముకలు మాత్రం వెనక్కి రావు. ఈ మనిషికి సరిపడే కుర్చీ బజారులో లేదు. ఆమె కొలతలు తెలిసినవారు, పక్కన కూర్చుని ఆమెతో వాదించగలిగినవారు, చేతిలో ఉలి ఉన్నవారు మీరు ఒక్కరే.

ఫొటోలో కనబడినంత వరకు మీ కుర్చీలో నాలుగు అడ్డంకులు ఉన్నాయి. కూర్చునే ఎత్తు 16 అంగుళాల దగ్గర ఉంది, పైగా నులక సాగి నడుమ లోతు పడింది, అంటే ఆమె నిజంగా కూర్చుంటున్నది 14 అంగుళాల మీద. ఆ లోతు వెనక్కి వాలింది. ముందు కాళ్ల మధ్య నేలకు ఆరంగుళాల ఎత్తున ఒక అడ్డపట్టీ ఉంది. మనిషి కుర్చీలోంచి లేచేటప్పుడు మొదట చేసేది పాదాలను వెనక్కి, మోకాళ్ల కిందికి లాక్కోవడం. మీరూ ఇప్పుడు లేచి చూడండి, పాదాలు ముందే ఉంచి లేవడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఆ పట్టీ ఆమె మడమలను ఆపింది. నాలుగోది, కుర్చీ చేతులు సీటు ముందు అంచు కంటే అరడుగు వెనకే ఆగిపోయాయి, ఊతం కావలసిన క్షణంలో ఆమె అరచేతి కింద ఏమీ లేదు.

ఎత్తును బొమ్మలో నిర్ణయించవద్దు. ఇంట్లో ఒక బల్లపీట తీసుకుని, దాని మీద ముప్పాతిక అంగుళం పలకలు ఐదారు పేర్చి ఆమెను కూర్చోబెట్టండి. లేవమనండి. ఒక పలక తీసి మళ్లీ లేవమనండి. చేతుల సాయం లేకుండా లేచిన ఆఖరి ఎత్తును రాసుకోండి, చేతుల సాయంతో లేచిన ఆఖరి ఎత్తునూ రాసుకోండి, ఈ పనిని పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం మరొకసారి చేయండి, ఎందుకంటే బిగిసిన కీళ్లు రెండు పూటలా ఒకేలా ఉండవు. నా అనుభవంలో ఇలాంటి మనిషికి ఎత్తు 18 నుంచి 20 అంగుళాల మధ్య తేలుతుంది, కానీ మీకు రావలసిన అంకె ఆమె చెప్పేది. ఎత్తు పెరిగితే పాదాలు నేలకు ఆనక తొడల కింద నొక్కుకుంటుంది, ఆ ఫిర్యాదు వినబడిన చోట ఒక పలక దిగండి. ఆమె చెప్పే మాటల కంటే లేచేటప్పుడు వచ్చే మూలుగును ఎక్కువగా నమ్మండి, పెద్దవాళ్లు మనవల ముందు బాగానే ఉందంటారు.

సీటుకు నులక వద్దు. చెక్క పలకే పెట్టి, ముందు అంచును గుండ్రంగా చిత్రిక పట్టండి, కావాలంటే పలచని దూది బొంత వేసుకుంటారు. నులక మీకు ఇష్టమని తెలుసు, అది పీటల్లో ఉండనివ్వండి. ముందు పట్టీని తీసేస్తే కుర్చీ బలహీనపడుతుంది కాబట్టి రెండు పక్క పట్టీలను కలుపుతూ మధ్యలో ఒకటి వేయండి, మడమలకు చోటు మిగులుతుంది. కుర్చీ చేతులను ముందు కాళ్ల దాకా తెచ్చి అక్కడే ఆపండి, కాళ్లను దాటి ముందుకు వస్తే ఆమె బరువు మోపగానే కుర్చీ ముందుకు ఒరుగుతుంది. చేతి కొసన వేళ్లు చుట్టుకునేంత గుండ్రన ఉండాలి. మెడ తిప్పలేని మనిషి వెనక్కి చూసి కూర్చోలేదు, పిక్కలకు సీటు తగిలాకే కూర్చుంటుంది, ఆ తాకిడికి కుర్చీ జరిగిపోకూడదు. అందువల్ల వెనక కాళ్లను కాస్త వెనక్కి వాలించి, కుర్చీకి తగిన బరువు ఉంచండి. తేలికగా ఉండటం ఇక్కడ గుణం కాదు.

ఏ కుర్చీ అయినా ముందు విరిగేది వెనక కాలికి పక్క పట్టీ అతికే చోటే. అక్కడ స్క్రూను, ఫెవికాల్‌ను మాత్రమే నమ్ముకోకండి. కాలికి బెజ్జం తొలిచి, పట్టీ కొసను మందంలో మూడో వంతు కుసిగా చెక్కి, వీలైనంత లోపలికి దించండి. కాలిలోని చీల రంధ్రం కంటే కుసిలోని రంధ్రాన్ని ఒకటిన్నర మిల్లీమీటరు భుజం (కుసి మొదలయ్యే మెట్టు) వైపు జరిపి వేస్తే, తుమ్మ చీల కొట్టేటప్పుడు అతుకును అదే లోపలికి లాగి పట్టుకుంటుంది. ఎండాకాలం జిగురు వదిలేసినా చీల వదలదు. దీనికి పచ్చి వేప వాడవద్దు. మీ వైపు పాత పెంకుటిళ్లు పడగొడుతున్న చోట టేకు దూలాలు, వేప దర్వాజలు అమ్ముతారు, ఏళ్ల తరబడి ఆరిన కట్టె అది. కోసే ముందు అయస్కాంతం రాసి మేకులు వెతకండి, లేకపోతే మిల్లువాడి బ్లేడు పోతుంది, మీకు అతనితో స్నేహమూ పోతుంది. ఇకముందు పొలంలో చెట్టు కొట్టించవలసి వస్తే ముందుగా అటవీశాఖ రేంజి ఆఫీసులో అనుమతి సంగతి అడగండి, సొంత పొలమైనా కొన్ని జాతులకు కొట్టడానికీ తరలించడానికీ కాగితం కావాలి.

పీట ధర గురించి. మీ లెక్కనే తీసుకుంటే 3,000లో సామానుకు 1,700 పోగా 1,300 మిగిలింది, ఆరు రోజులకు పంచితే రోజుకు 216 రూపాయలు. మీ ఊళ్లో ఏ పని కూలీ అయినా అంతకు రాడు. అయితే ఆ ఆరు రోజుల్లో పని ఎంత, ఆలోచన ఎంత, మళ్లీ చేసుకున్నది ఎంత అన్నది విడదీయండి. కాలి వాలుకు ఒక ఫర్మా (కొలత తప్పకుండా చూసే అచ్చు), బెజ్జాలు గీసుకోవడానికి ఒక ఫర్మా, పట్టీల పొడవుకు ఒక అడ్డు పెట్టుకుని, ఆరు పీటలకు కావలసిన 24 కాళ్లనూ ఒకే రోజు కోసుకుంటే ఒక పీటకు రెండు రోజులకు మించి పట్టకూడదు. అప్పుడు అదే 3,000కు రోజుకు 650 పడుతుంది, కట్టెను చిల్లరగా కాక ఒకేసారి కొంటే ఇంకొంచెం మెరుగవుతుంది. ఫర్మాలను జ్యూరీ బల్ల మీద పీటల పక్కనే పెట్టండి, మీ గైడు అడుగుతున్న జవాబు అవే. దీపపు స్టాండును మాత్రం ఇంటి దగ్గరే వదిలేయండి. అది బాగాలేదని కాదు, దాని గురించి మీ ఉత్తరంలో చెప్పుకోవడానికి మీకే ఒక్క మాట దొరకలేదు.

మీ నాన్నగారి సలహాను చులకన చేయకండి. మాడ్యులర్ కిచెన్ పనిలో మిల్లీమీటరు తప్పితే సొరుగు మూసుకోదు, ఆ క్రమశిక్షణ మీ పీటల కాళ్లకు పనికివస్తుంది. చదువు అయ్యాక ఒక ఆరు నెలలు అలాంటి చోట పనిచేసి, వచ్చిన డబ్బుతో కట్టె కొని ఆరబెట్టుకోండి. ఎలాగూ రెండేళ్లు ఆరాలి కదా.

చివరిగా నూనె. మన నల్లగొండ, పాలమూరు పొలాల్లో ఒకప్పుడు ఆముదం బాగా పండేది కాబట్టి చాలామంది అదే పూస్తారు. ఆముదం ఇరుసుకు మంచిది, బల్లకు కాదు. అది ఎన్నాళ్లకూ ఆరదు, దుమ్ము పట్టి జిడ్డు కడుతుంది. కొబ్బరి, నువ్వుల, పల్లీ నూనెల సంగతీ అంతే. గాలి తగిలితే గట్టిపడే నూనె కావాలి, అవిసె నూనె అటువంటిది. పలచగా గుడ్డతో రుద్ది, ఒక అరగంట ఆగి మిగిలినదంతా తుడిచేసి, రెండు మూడు రోజులు వదిలి మళ్లీ పూయండి, మూడు పూతలు చాలు. మీది పచ్చి అవిసె నూనె అయితే ఒక్కో పూతకు వారం దాకా పడుతుంది, జ్యూరీ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని మొదలుపెట్టండి. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి వర్క్‌షాపు మూల పడేయవద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, మడతల్లో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది, రంపపు పొట్టు పక్కన ఉంటే ఇక చెప్పనక్కరలేదు. ఒక్కో గుడ్డనూ విడివిడిగా పరిచి బయట తీగ మీద ఆరవేయండి, లేదా నీళ్ల బకెట్టులో ముంచి ఉంచండి.